ఆతిథ్య పత్రం, నలభై ఒకటో పేజీ

ప్రపంచంలోని లైకెన్ శాస్త్రవేత్తలంతా
నాలుగేళ్ళకోసారి ఒకచోట చేరతారు.
ఈసారి మా ఊరికి రండని పిలవడానికి
నలభై పేజీల ఫారం.
పెళ్ళికి పిలవాలంటే బొట్టు పెడితే చాలు,
దీనికి ఆడిటర్ సంతకం కావాలి.

విమానాశ్రయం నుంచి ఎంత దూరం, అని ఎనిమిదో పేజీ.
ముప్పై ఆరు కిలోమీటర్లని రాశాను.
బెంగళూరులో దూరాన్ని గంటల్లో కొలుస్తారని,
శుక్రవారం సాయంత్రం ఆ గంటలు కూడా సాగుతాయని
రాయడానికి గడి లేదు.
హోటల్ గదులు: రెండు వేల నూట పది.
శాకాహారులకు విడిగా వంట: ఉంది.
ఆగస్టులో వాన: ఉండొచ్చు.

ఆ 'ఉండొచ్చు'ని కొట్టేసి
'ఆహ్లాదకరమైన వాతావరణం' అని దిద్దారు నింగప్పగారు.
ముప్పయ్యేళ్ళుగా రాళ్ళ మీది మచ్చలు చూస్తున్న మనిషి.
మెడలో నల్లదారానికి భూతద్దం,
అన్నం తినేటప్పుడు చొక్కా జేబులోకి వెళుతుంది.
"రిటైరయ్యేలోపు ఒక్కసారి..." అంటారు.
ఆ వాక్యాన్ని ఎప్పుడూ పూర్తి చేయరు.

పోటీలో ఇంకో రెండు ఊళ్ళు.
వాళ్ళ వెనక పర్యాటక మంత్రులున్నారు.
మా వెనక నేనూ,
గులాబీ రంగు మాత్రమే మిగిలిన ప్రింటరూ.

పరిశీలనకి ఎస్టోనియా నుంచి ఒకావిడ వచ్చింది.
హెల్యు అని పేరు. దాని చివరి అక్షరం దగ్గర
మా అందరి నాలుకలూ జారిపడ్డాయి.
కుర్చీలు చూపించాం, తల ఊపింది.
తెర చూపించాం, తల ఊపింది.
మైకు చూపించబోతే కరెంటు పోయింది.
జనరేటర్ అందుకునే పదకొండు సెకన్లూ
నింగప్పగారు ఊపిరి తీయలేదు.

తిరిగొస్తూ యశవంతపుర దగ్గర ఇరుక్కున్నాం.
ముందు ఇటుకల లారీ. వెనక హారన్లు.
సిద్దలింగు ఇంజను ఆపేసి, స్టీరింగు మీద చేతులు పరిచాడు.
ఆవిడ తలుపు తీసుకుని దిగిపోయింది.

ఫుట్‌పాత్ మీద ముసలి నిద్రగన్నేరు.
మొదట్లో ఎర్రటి ఉమ్ములు,
పైన మేకు కొట్టి తగిలించిన పీజీ హాస్టల్ బోర్డు.
ఆ మేకుకి జానెడు పక్కన
బూడిద రంగులో, అంచులు ముడుచుకుని,
పాత అర్ధరూపాయి బిళ్ళంత.

ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుంది.
పక్కన నింగప్పగారూ కూర్చున్నారు.
రెండు భూతద్దాలు, తలలు తగిలేంత దగ్గరగా.
ఆ లాటిన్‌లో నాకు ఒక్క మాటా తెలియలేదు.
చినుకులు మొదలైతే సిద్దలింగు గొడుగు పట్టుకొచ్చి,
ఇంతసేపూ ఏం చూస్తున్నారోనని వంగి,
"కల్లు హూవు కదా సార్, మసాలాలో వేసేది" అన్నాడు.
"దానికి పిన్ని కూతురు" అన్నారు నింగప్పగారు, కన్ను తీయకుండానే.

కన్నడ కల్లు మన కల్లు కాదు, రాయి.
రాతిపువ్వు!
మా ఇంట్లో పోపుల డబ్బా అడుగున ఎండి ముడుచుకుని,
చేపల పులుసు రోజు మాత్రం పైకొచ్చే నల్లటి రేకు.
ఆరు నెలలు లైకెన్, లైకెన్ అని టైపు కొట్టిన వేళ్ళకి
అది చిన్నప్పటి వాసన అని తట్టనే లేదు.

ఓట్లు ముప్పై ఒకటి. మాకు పధ్నాలుగు.
మెయిలు మధ్యాహ్నం మూడింటికి వచ్చింది.
నింగప్పగారు ఒకసారి కళ్ళజోడుతో చదివారు,
రెండోసారి భూతద్దం పెట్టి.
అప్పటికీ పధ్నాలుగే.

కాసేపటికి నా టేబుల్ మీది ప్లాస్టిక్ స్కేలు తీసుకుని
"సిద్దలింగూ, బండి తియ్యి" అన్నారు.
చెట్టు దగ్గర చాలాసేపు వంగి ఉన్నారు,
బస్సు కోసమేమోనని ఒక కండక్టరు ఆగి వెళ్ళాడు.
"ఏడాదికి ఒక మిల్లీమీటరు పెరుగుతుంది.
వచ్చే బిడ్డుకి నాలుగు" అన్నారు.
"అదీ దానికి బుద్ధి పుడితే."

వచ్చే బిడ్డుకి ఆయన ఉండరు.
ఫారం తెరిచి, నలభయ్యో పేజీ చివర
'మీ నగరమే ఎందుకు?' అన్న ప్రశ్నకి
పూలతోటలనీ సాఫ్ట్‌వేర్ అనీ మేం రాసిన సగం పేజీని
అలాగే ఉంచి,
కింద ఇంకో పేజీ చేర్చాను:

యశవంతపుర, నిద్రగన్నేరు,
మేకుకి జానెడు పక్కన.
ఇవాళ్టికి ఇరవై రెండు మిల్లీమీటర్లు.